ఊరు ఖాళీ అయినప్పుడు

"మిలిట్రీ వస్తాంది!"

కేక వినగానే గోపయ్య పిల్లలిద్దరినీ భుజాలకెత్తుకున్నాడు. తల్లి గుర్వమ్మకు మోకాళ్లు పనిచెయ్యవు.

"నన్ను ఇడిసిపో బిడ్డా. ముసల్దాన్ని, నన్నేం జేస్తరు?"

జొన్నరొట్టెలు ఆమె చేతికందేలా పెట్టి, వెనక్కి చూడకుండా గుట్టల్లోకి పరుగెత్తాడు.

కమ్యూనిస్టు సంఘం వాళ్లకు అన్నం పెట్టే ఊరని మిలిటరీకి కక్ష. ఊరు ఊరంతా పరుగెత్తింది. నడవలేని ముసలివాళ్లే మిగిలారు.

వారం దాటాక, ట్రక్కులు నార్కట్‌పల్లి వైపు వెళ్లిపోయాయని తెలిసి అందరూ దిగివచ్చారు. తల్లి బతికుంటుందన్న ఆశ గోపయ్యకు లేదు.

ఇంట్లో మంచం ఖాళీగా ఉంది.

అంతలో పక్కింటి రామచంద్రయ్య అరుగు మీద తల్లి గొంతు వినబడింది.

ముసలివాళ్లంతా అక్కడే ఉన్నారు. ఉతికిన బట్టలు, దువ్విన తలలు. చూపులేని మారయ్యకు ఎవరో నడివయసు ముస్లిం స్త్రీ జొన్న గట్క తినిపిస్తోంది. ఆమె కుడిచేయి గుడ్డతో మెడకు కట్టి ఉంది.

వెనకే వచ్చిన రామచంద్రయ్య మండిపడ్డాడు.

"ఎవలు నువ్వు? నా ఇంట్ల జొరబడి జొన్నలు దీస్తవా?"

"ఆకలైతాందంటె వండిపెట్టిన అన్నా. అడుగుదమంటె ఎవ్వరు లేకపోయిరి."

"ఇంకేమేం మూట గట్టినవో! నడువు!"

గోపయ్య పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు.

ఆమె మారయ్య మూతి తుడిచింది. "పోయొస్త అవ్వా" అని గుర్వమ్మతో చెప్పి, ఉత్తచేతులతో ఊరు దాటిపోయింది.

"వెళ్లగొట్టిండ్రా?" మారయ్య చేతులు చాచి తడుముతూ అడిగాడు. "సిపాయిలు నన్ను గుంజుకపోతాంటె అడ్డమొచ్చిందిరా. 'ముసలోళ్ల మీద చెయ్యేస్తరా, మీకు నాయినలు లేరా' అన్నది. తుపాకి మడమతోని కొట్టిండ్రు. ఆమె చెయ్యి ఇరిగిన సప్పుడు నేనిన్న. అయినా నన్నిడవలే!"

గోపయ్య బాట దాకా పరుగెత్తాడు. ఆమె జాడ లేదు.

తిరిగొచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"ఎవలవ్వా గామె?"

"జాహేదా. పాలమూరు దిక్కు నుంచి వచ్చింది."

"మనమంటె ఆమెకెందుకు గంత ప్రేమ, గంత పావురం?"

గుర్వమ్మ చూపు బాట వైపు తిప్పింది.

"పోయినేడు పోలీస్ యాక్షన్ల, పానభయంతోని ఉరికే సాయిబులు ఓ ముసలామెను మనూళ్లె ఇడిసిపోయిరి. బాట పొంటి పడి నీళ్లు, నీళ్లు అని మొత్తుకున్నది. మనం ఒక్కరం తలుపు తియ్యలే. మీరు గుట్టలెక్కినంక ఎతుక్కుంట వచ్చిన గామెకు ఆ ముసలామె గట్ల సచ్చిందని నేనే చెప్పిన. అంతా ఇని, ఏడ్సి, లేసి నాకు నీళ్లు తాపిందిరా... గా ముసలామె బిడ్డ."