ఇంకో రెండు రాష్ట్రాలు

"సిగ్నీ, నీ సీటు ఖాయమైంది. ఒకాయన తప్పుకున్నాడు. వచ్చే నెల మన పార్టీ మహాసభకు నువ్వే ప్రతినిధివి."

హోటల్ గోడకున్న ఫోన్లో నోర్మా మాట వినగానే సిగ్నీకి కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ఇంకో మాట విను. ఆ తప్పుకున్నాయన..." అంటోంది నోర్మా.

సిగ్నీ అప్పటికే ఫోన్ పెట్టేసింది.

పెళ్ళయి పదకొండు వారాలు. పట్టినదంతా బంగారమవుతున్న రోజులు. మొన్న కొత్త కాఫీ గిన్నె, నిన్న పెరట్లో మొదటి టమాటా, ఇవాళ ఏకంగా దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిని నిలబెట్టే సభలో కుర్చీ. ఎవరైనా తప్పుకుంటే తప్ప రాని కుర్చీ అది.

"వేలన్, నేను మహాసభకు వెళ్తున్నా."

భోజనాల బల్లల దగ్గర సగం మంది చప్పట్లు కొట్టారు. ఆ సగం ఆమె పార్టీ వాళ్ళు. మిగతా సగం ఫోర్కుల వైపు చూసుకున్నారు.

వేలన్ భార్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. "అక్కడ కూడా ఇలాగే గెంతితే టీవీలో నీ కాళ్ళే కనిపిస్తాయి."

సిగ్నీ నవ్వుతూ అతని పళ్ళెంలోంచి వేయించిన చీజ్ ముక్క ఎత్తుకుంది.

కౌంటర్ దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఈ ఊరి మనిషి కాదు. పక్క కుర్చీలో గుండ్రటి అట్టపెట్టె, ముందు ముట్టని చెర్రీ పళ్ళ కేకు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

టీవీలో అవతలి పార్టీ మహాసభ. ఒక్కో రాష్ట్రాన్నీ అక్షర క్రమంలో పిలిచి ఓట్లు అడుగుతున్నారు. మొదట అలబామాను పిలిచినప్పటి నుంచీ ఆయన ఆ స్టూలు మీదే ఉన్నాడట.

"అభినందనలు అమ్మాయ్," అన్నాడు ఇటు తిరిగి. "ఆ కుర్చీ వదులుకున్నది ఎవరో తెలుసా?"

"ఎవరో పిరికి మనిషి. పోటీ గట్టిగా ఉండేసరికి జారుకునుంటాడు. లేదంటే వాళ్ళకు అమ్ముడుపోయుంటాడు."

బల్లల దగ్గర నవ్వులు.

"అయ్యుండొచ్చు," అని ఆయన మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

వాషింగ్టన్ అయింది. సభలో ఈలలు, బూరలు.

సిగ్నీకి ఒళ్ళు మండింది. తన పండగ రోజున వాళ్ళ గోలేమిటి? లేచి టీవీ దగ్గరికి నడిచింది.

"పెద్దాయనా, కట్టేస్తున్నా."

"ఇంకో రెండు రాష్ట్రాలు, తల్లీ. వెస్ట్ వర్జీనియా, ఆ తర్వాత మనదే, విస్కాన్సిన్."

"మనది కాదు, మీది. మీ వాళ్ళు ఎన్ని ఓట్లు వేసుకున్నారో రేపు పేపర్లో చదువుకోండి."

"అది పేపర్లో రాదు."

"రాకపోతే మరీ మంచిది."

"వదిలెయ్యి సిగ్నీ, రెండు నిమిషాలేగా," అన్నాడు వేలన్.

"రెండు నిమిషాలు రెండు నిమిషాలని నాలుగేళ్ళు మీ వాళ్ళ గోల భరించాం."

ఈసారి నవ్వులు ఇంకా గట్టిగా వచ్చాయి. ఆమెకు హుషారెక్కింది.

వెస్ట్ వర్జీనియా అయింది. "విస్కాన్సిన్," అని పిలిచింది టీవీలో గొంతు. ముసలాయన స్టూలు దిగి నిటారుగా నిలబడ్డాడు.

సిగ్నీ మర తిప్పింది. తెర నల్లబడి, మధ్యలో తెల్లటి చుక్క మిగిలి, అదీ ఆరిపోయింది.

చప్పట్లు.

ఆయన కాసేపు ఆ నల్లటి అద్దాన్నే చూశాడు. కేకు డబ్బులు కౌంటర్ మీద పెట్టి తలుపు వైపు నడిచాడు.

"మీ పెట్టె మర్చిపోయారు," అంది సిగ్నీ.

"అది నాది కాదమ్మా, ఇక."

బయట పాత ట్రక్కు కదిలిన చప్పుడు.

పది నిమిషాలకు నోర్మా రొప్పుతూ వచ్చింది. జిల్లాలో పార్టీని నడిపేది ఆమే.

"ఆ తప్పుకున్న పెద్దాయన, ఆర్లో, వచ్చాడా? మాట పూర్తి కాకుండా ఫోన్ పెట్టేస్తావేం? టోపీ ఇచ్చాడా?"

"ఏ టోపీ?"

నోర్మా అట్టపెట్టె తెరిచింది. లోపల గడ్డి టోపీ. దాని చుట్టూ సిగ్నీ పార్టీ బిళ్ళలే, తొమ్మిది మహాసభలవి.

"తన కుర్చీలో కూర్చోబోయే పిల్లకు తన చేత్తోనే పెట్టాలని నలభై మైళ్ళు వచ్చాడు."

సిగ్నీ ఆ టోపీని ముట్టుకోలేదు.

"మన మనిషైతే వాళ్ళ సభ ఎందుకు చూశాడు?"

"మారిట్ కోసం. వాళ్ళావిడ. ఆమె అవతలి పార్టీ ప్రతినిధి. ముప్పై రెండేళ్ళుగా ఆమె సభకు వెళ్తే ఈయన టీవీ ముందు కూర్చుని, విస్కాన్సిన్‌ను పిలిచినప్పుడు గుంపులో ఆమె ముఖం వెతికేవాడు. ఈయన వెళ్తే ఆమె వెతికేది. 'ఇక నన్ను వెతికేవాళ్ళు లేరు నోర్మా, నేనెందుకు వెళ్ళడం' అన్నాడు."

"లేరంటే?"

"మారిట్ శుక్రవారం చనిపోయింది. ఇవాళ మన రాష్ట్రం వంతు రాగానే ఓట్ల కంటే ముందు ఆమె పేరు చదివి, సభంతా లేచి నిలబడతామని వాళ్ళు మాటిచ్చారు. ఇంట్లో చుట్టాల మధ్య చూడలేను, ఇక్కడే చూస్తానన్నాడు."

వేలన్ తల వంచుకున్నాడు. ఇందాక నవ్వినవాళ్ళలో ఒక్కరూ నవ్వడం లేదు.

నోర్మా కట్టేసి ఉన్న టీవీని గమనించలేదు. పెట్టె మూత పెట్టి, సిగ్నీ భుజం తట్టింది.

"రేపు పదకొండింటికి చర్చిలో ఆమెను సాగనంపుతున్నాం, నువ్వూ రా. సభలో ఆమె పేరు ఎలా చదివారో, ఎంతసేపు నిలబడ్డారో, శవపేటిక మూసేముందు మారిట్‌కు తానే చెప్తానన్నాడు ఆర్లో."