ఎదురింటి చెప్పులు

కర్లపాలెంలో నా క్లినిక్ గోడకి ఎంబీబీఎస్ పట్టా, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పత్రం రెండూ ఉన్నాయి. జనం మాత్రం ఎదురింటి ఆర్‌ఎంపీ జమలయ్య అరుగు మీద ఉంటారు. నేను బల్ల ముందు కూర్చుని అక్కడి చెప్పుల జతలు లెక్కపెట్టేదాన్ని. పదో తరగతి తప్పిన ఆ మనిషి నాడి పట్టుకుంటేనే సగం జ్వరం పోతుందట. వింటుంటే ఒళ్లు మండేది.

రోజూ ఇద్దరు ముగ్గురు నా మెట్లెక్కేవాళ్లు. వాళ్లకైనా చదువు విలువ తెలుసులే అనుకునేదాన్ని.

రిజిస్ట్రేషన్ లేని క్లినిక్‌లు మూయించాలని చట్టంలో ఉంది. అర్జీ పెట్టింది నేనే. ఈ ఉదయం అధికారులొచ్చి జమలయ్య తలుపుకి సీలు వేస్తుంటే కిటికీలోంచి కళ్లారా చూశాను. అరుగు ముందు ఒక్క జత చెప్పులు కూడా మిగల్లేదు.

వాళ్లు వెళ్లాక ఆయన తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. చేతిలో నలిగిన నోటు పుస్తకం ఉంది.

"ఎవరికి ఏ మందు పడదో ఇందులో రాసుకున్నానండి డాక్టరమ్మా. ఇక వాళ్లంతా మీ దగ్గరికే వస్తారు కదండి."

"అక్కడ పెట్టి వెళ్లండి," అన్నాను.

తప్పులు పట్టుకుందామని తెరిచాను. మూడో పేజీలో మా అత్తగారి పేరు కనిపించింది. తేదీ, నేను క్లినిక్ తెరిచిన నెలది.

"బీపీ బాగానే ఉంది. నిద్ర పట్టడం లేదు. కోడలి దగ్గరికి ఎవరూ రావడం లేదని బెంగ. మాత్రలు అక్కర్లేదు. రోజూ ఇద్దరు ముగ్గురిని ఎదురు క్లినిక్‌కి పంపాలి."