సెలవు పెట్టిన నాలుక

కారు కీచుమంటూ ఆగింది. ఆపింది నడుపుతున్న భర్త కాదు, పక్క సీట్లో కూర్చున్న భార్య. ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. శిష్యులు గోడల్ని గుద్దకుండా పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు పెట్టించుకున్నాడు. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆ కారులోనే భార్యనీ కూతుర్నీ తిప్పుకొస్తాడు కాబట్టి, ఆ నాలుగు రోజులూ ఆ బ్రేకు ఆవిడ కాలి కింద ఉంటుంది. రోడ్డు పక్కన తోట కనిపిస్తే చాలు, వెనక లారీ వస్తోందా అని కూడా చూడదు.

ఖర్బూజా తోట అని చెప్పి ఆవిడ అప్పుడే దిగిపోయింది.

ఆవిడది జామ్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం. పదహారేళ్ళుగా రోజూ పొద్దున్నే ఇరవై చెంచాలు నాలుక మీద వేసుకుని, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేసి, ఏ గుండిగలో పంచదార తక్కువైందో, ఏది అడుగంటిందో చెప్పేది. తోటివాళ్ళు నాలుకమ్మ అని పేరు పెట్టారు. విసుక్కున్నట్టు కనిపించేది కానీ ఆ పేరంటే లోలోపల ఎంతో గర్వం. మూడు నెలల క్రితం వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ రుచినీ వెంటబెట్టుకుపోయింది. అప్పటినుంచీ ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే. రుచి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం జోస్యానికి అంత చదువెందుకని ఆవిడకు ఒళ్ళు మండింది.

సెలవు ఆదివారంతో అయిపోతుంది. సోమవారం మేనేజరు ఐదు చెంచాలు ముందు పెడతాడు. ఏది ఎలా ఉందో చెప్పగలిగితే పని ఉంటుంది. లేకపోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకావిడ ఎప్పుడో తయారైపోయింది.

మాస్టారిది వేరే సిద్ధాంతం. పట్నంలో దొరికేవన్నీ పచ్చివి కోసి గోదాముల్లో మగ్గబెట్టినవట, వాటికి నాలుక చచ్చినా లేవదట. పండిన చోటికే వెళ్ళి, కోసిన గంటలోపు తినాలట. డ్రైవింగ్ మాస్టారికి నాలుకల సంగతి ఏం తెలుసని ఎవరూ అడగలేదు. దిక్కుతోచనప్పుడు ఏ సిద్ధాంతమైనా బాగానే వినబడుతుంది. అందుకని ఈ ఏడాది కొండలూ చెరువులూ మానేసి, మూడు రోజులుగా తోటల వెంట తిరుగుతున్నారు.

ఖర్బూజా కోశారు. తేనెలా ఉందంది పదమూడేళ్ళ కూతురు. ఆవిడ నమిలి నమిలి మింగి, భర్త ముఖం చూసింది. చప్పగా ఉంది, ఈ ఏడు కాపే అంత అన్నాడాయన. కూతురు తండ్రి వంక వింతగా చూసి ఇంకో ముక్క అందుకుంది.

కారెక్కాక ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మీరు నాకు అబద్ధం చెప్పకండి," అంది. "నాలుక పోయిందంటే ఏడ్చి ఊరుకుంటాను. మీ మాట కూడా నమ్మకూడదంటే ఇక దేన్ని పట్టుకుని బతకను?"

మాస్టారు ఒట్టు వేశాడు.

ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. సాయంత్రం టమాటాలు తిన్నప్పుడు, పులుపూ తీపీ రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ చేతిలోని సగం కాయ కాలవలోకి విసిరికొట్టి, నిజం చెప్పినందుకు ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటిదారి పట్టారు. ఇంకో గంటలో ఊరు వచ్చేస్తుందనగా మళ్ళీ బ్రేకు పడింది. కీరదోస తోట. ఈ ఏడు నీళ్ళు చాలక పాదులు ఎండుతున్నాయనీ, కాయ ఎలా ఉంటుందో చెప్పలేననీ, చూసి కోసుకోమనీ చెప్పి తోటావిడ తన పనిలో పడిపోయింది. కూతురు సీసాలు పట్టుకుని నీళ్ళకోసం వెళ్ళింది. మాస్టారు ఒక కాయ తెంపి, తుడిచి, చెక్కు తీసి, పళ్ళెంలో ముక్కలు కోసి భార్య ముందు పెట్టాడు.

మొదటి ముక్క నములుతూ నములుతూ ఆవిడ ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది.

"ఏమండీ, తగులుతోంది."

"ఏంటి?"

"తీపి. సన్నగా, నాలుక చివర్న." గబగబా రెండో ముక్క తింది. మూడోది భర్త నోటి దగ్గర పెట్టింది. "నాకు అనిపించడం కాదు, మీరు చెప్పండి. తియ్యగానే ఉంది కదా?"

మాస్టారు నమిలాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ మూడు నెలల్లో ఆయన కంట నీరు చూడటం ఆవిడకు అదే మొదటిసారి.

"తియ్యగా ఉంది," అన్నాడు. "నీ నాలుక వచ్చేసింది."

ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. అక్కడినుంచే మేనేజరుకు ఫోను చేసింది. రేపు వస్తున్నాననీ, ఆ కొత్తావిడను రావద్దని చెప్పెయ్యమనీ, ఐదు కాదు పది చెంచాలు పెట్టుకోమనీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అవతలివాడికి మాట్లాడే సందివ్వలేదు. ఆపుదామన్నట్టు మాస్టారు ఒకసారి చెయ్యెత్తి, మళ్ళీ దించేసుకున్నాడు.

సీసాలతో తిరిగొచ్చిన కూతురు పళ్ళెం వైపు చెయ్యి చాపింది. మాస్టారు పళ్ళెం ఇవతలికి లాక్కున్నాడు. కారులో పళ్ళున్నాయిగా, అవి తినమన్నాడు. పిల్ల బతిమాలుతున్నా వినకుండా మిగిలిన నాలుగు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి తనే తినేశాడు. ఇంత కక్కుర్తేంటి నాన్నా అని కూతురు మూతి ముడిచింది. మూడు నెలల్లో మొదటిసారి ఆవిడ మనసారా నవ్వింది.

ఆ కాయ కటిక చేదు.