వర్జ్యం వేళ

"ఆగండి, గడప దాటకండి. వర్జ్యం ఉంది," అంది మల్లేశ్వరి, పంచాంగం పేజీ మీద వేలు పెట్టి.

చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతున్న కోటేష్ ఆగిపోయాడు. "ఎంతవరకు?"

"పదీ ఇరవై దాకా."

అప్పటికి తొమ్మిదే అయింది. ప్రత్తిపాడు రోడ్డు మీద మిర్చి బస్తాలు నింపిన లారీ సిద్ధంగా ఉంది. కలకత్తా వెళ్ళి రావాలంటే పన్నెండు రోజులు. వచ్చాక ఒక్క పగలు ఇంట్లో ఉంటాడు, మళ్ళీ లోడు. పాతికేళ్ళుగా ఇదే.

రాహుకాలమైతే ఏ వారం ఎప్పుడో అందరికీ తెలుసు. వర్జ్యం రోజుకోలా మారుతుంది, పంచాంగం చూస్తే గాని తెలియదు. అది చూసి చెప్పడం ఆ ఇంట్లో మల్లేశ్వరి పని.

కోటేష్ వచ్చి పొయ్యి దగ్గర పీట వేసుకున్నాడు. ఆమె పెసరట్టు వేసింది. హాస్టల్ నుంచి కూతురు హేమశ్రీ ఫోన్ చేసిన సంగతీ, మిర్చి కోతలకు వెళ్ళొచ్చాక రెండు రోజులు చేతులు మండిన సంగతీ చెప్పింది. అతను ఆ చేతుల వంక చూస్తూ ఇంకో అట్టు అడిగాడు.

ఫోన్ మోగింది. లారీ యజమాని బాలు.

"ఇంకా ఇంట్లోనేనా? మా క్యాలెండర్లో వర్జ్యం సాయంత్రమని ఉందయ్యా!"

"మా ఇంటి పంచాంగం వేరండీ."

"ప్రతిసారీ ఇదే గోల! ఇంకొక్కసారి లేటయితే బండి డ్రైవర్ హయాత్‌కి ఇచ్చేస్తా. తర్వాత చెప్పలేదనకు."

ఆ అరుపు మల్లేశ్వరికీ వినిపించింది.

పన్నెండు రోజుల తర్వాత కోటేష్ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆమె అతని బ్యాగు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"ఇవాళ ఏ అడ్డూ లేదు. మంచి వేళే, బయలుదేరండి," అంది, అతని ముఖం చూడకుండా.

కోటేష్ కదల్లేదు. "సరిగ్గా చూశావా?"

"చూశాను. వెళ్ళండి, బండి చేజారిపోతుంది."

"పోతే పోనీ. ఇంకోసారి చూడు మల్లీ. దుర్ముహూర్తమైనా ఉందేమో." అతని గొంతు బతిమాలుతున్నట్టుంది.

ఫోన్ మోగుతోంది. అతను తీయలేదు.

మల్లేశ్వరి పంచాంగం తెరిచింది. ఒక్కో వరుస మీదా వేలు పోనిచ్చి, చివర ఆగింది.

"ఉందండీ," అంది. "ఇంకో గంటసేపు ఉంది."

కోటేష్ చెప్పులు విడిచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

మల్లేశ్వరికి చదవడం రాదని అతనికి పెళ్ళినాటి నుంచీ తెలుసు.