ముందుగా ఒక పఫ్

కింద బైకు ఆగిన చప్పుడు వినగానే తొమ్మిదేళ్ల లిఖిత ఇన్‌హేలర్ ఊపి, ఒక పఫ్ పీల్చి, ఊపిరి బిగబట్టింది.

"ఆయాసంగా ఉండాదా?" తల్లి రంజిత కంగారుపడింది.

లిఖిత లేదని తల ఊపింది.

"మరి ఎందుకే? ఆటకు పోయేముందు కదా డాక్టరు పీల్చమనింది?"

"నాన్న వచ్చినాడు కదమ్మా. ఇంక మీరు కొట్లాడుకుంటారు."

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ఓంకార్ ఆ మాట విన్నాడు.

"మహదేవపుర ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో చచ్చి వస్తే, ఇదా? బిడ్డకు బాగానే నూరిపోసినావు!" అన్నాడు భార్యతో.

"నేనా? నీ అరుపులకే దానికి ఈ గతి!"

లిఖిత సోఫా మూలకు జరిగి, ఇన్‌హేలర్ మళ్ళీ ఊపింది.