మొదటి మార్కు

"అలా గుడ్లప్పగించి చూస్తావేమిటమ్మా? నా కొంప మునిగిపోతోంది!" అంటూ వృద్ధురాలు, పరీక్షకని వచ్చిన ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి లాగింది.

అవి ఒకదానినొకటి ఆనుకొని, మధ్య గోడలను పంచుకొని వరుసగా నిలిచిన ఇళ్ళు. అన్నింటి తలుపులకూ ఒకే రంగు. పరీక్ష కోసం ఒక ఇంటిని నీటితో నింపి ఉంచుతామనీ, ఇంటావిడ వేషంలో ఒకరు ఏడ్చి, తిట్టి, తొందరపెడతారనీ శిక్షణ ఇచ్చినవారు ముందే చెప్పారు. ఇక్కడ గడప మీదుగా నీళ్ళు పారుతున్నాయి; గుమ్మంలో ఒకావిడ కేకలు పెడుతోంది. ఇక ఇంటి నంబరు చూడవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

నీట మునిగిన ఇళ్ళను ఆరబెట్టి బాగుచేసే పనిలో ధ్రువపత్రం సంపాదించడానికి ఆమెకిదే ఆఖరి అవకాశం. కిందటి పరీక్షలో వేషం కట్టిన ఆవిడ ఏడుపుకు కరిగిపోయి, వీపు నిమురుతూ కూర్చొని సమయమంతా పోగొట్టుకుంది. అది మొదలు తోటివారు ఆమెకు 'ఓదార్పమ్మ' అని పేరు పెట్టారు. ఈసారీ తప్పితే పనిలోకి రానక్కరలేదని యజమాని మొహం మీదే చెప్పాడు.

"వదినా, ఎవరేడ్చినా కరగకు. ముందు కరెంటు తియ్యి. తరవాత నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయో చూడు. ఆ తరవాతే తుడుపు," అని మరిది పొద్దున బతిమాలినంత పని చేశాడు.

"మెయిన్ స్విచ్ ఎక్కడండీ?"

"స్విచ్చెందుకు? ముందు ఆ పరుపు పైకెత్తు!"

"కరెంటుండగా నీళ్ళలో కాలు పెట్టను."

"బాగుంది వరస! నీళ్ళు తోడమంటే ఇల్లు చీకటి చేస్తానంటుందేమిటి ఈ పిల్ల!"

ఆమె తలుపు పక్కనే కనిపించిన స్విచ్ దించి, బూట్లు బిగించుకొని ముందు గదిలోకి దిగింది. నీరు చీలమండల దాకా వచ్చింది. నీటిమట్టం దగ్గర గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది.

"ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక కొట్టుకుంటుంటే ఊడిపడ్డావు," అంది వృద్ధురాలు ముక్కు చీదుతూ. "నిన్నెవరు పంపారమ్మా?"

"చాలా బాగా చేస్తున్నారు పెద్దమ్మా," అంది ఆమె చిరునవ్వుతో.

"ఏం చేస్తున్నానే? ఏడుస్తున్నాను!"

వంటగది కుళాయి పొడిగా ఉంది. స్నానాలగది గొట్టాలలో చెమ్మ లేదు. వీధి నుంచి వచ్చే నీటి గొట్టానికున్న వాల్వ్‌ను గట్టిగా తిప్పి మూసి వచ్చి చూసేసరికి సుద్దగీత కనిపించలేదు. నీరు దానిని మింగేసింది.

ఆమె వాల్వ్ వైపు మరోసారి తిరిగి చూసింది. అన్నీ మూసినా పెరిగే నీటి గురించి ఏ పాఠంలోనూ చెప్పలేదు.

వృద్ధురాలు మంచం కింది నుంచి రేకు పెట్టెను ఈడ్చి మూత తెరిచింది. లోపల బొంత సగం తడిసి ఉంది. రంగురంగుల గుడ్డపేలికలతో కుట్టిన పాత బొంత.

"మా ఆయన మిషను మీద కుట్టిందమ్మా ఇది. బట్టలు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ దాచి దాచి కుట్టాడు. ఆ చేతులిప్పుడు లేవు." ఆవిడ బొంత అంచును చెంపకు ఆనించుకుంది.

ఓదార్పమ్మ చెయ్యి దానంతటదే ఆవిడ భుజం వైపు కదిలింది. మరుక్షణం ఆమె ఆ చేతిని వెనక్కి తీసుకొని జేబులో కుక్కుకుంది. వేషం, అంతా వేషం. పెట్టెను మాత్రం ఎత్తి బల్ల మీద పెట్టి, తేమను కొలిచే మీటరు బయటకు తీసింది.

వీధి వైపు గోడకు ఆనిస్తే మీటరు పలకలేదు. వంటగది గోడకూ అంతే. పక్కింటితో కలిసిన గోడకు ఆనించగానే కీచుమంటూ అరిచింది. ఆమె వంగి చూసింది. గోడా నేలా కలిసే చోట నీరు సన్నగా, ఆగకుండా ఊరుతోంది.

"పక్కింట్లో ఎవరుంటారు?"

"ఎవరో కొత్తవాళ్ళు. ఇందాక తలుపు బాదీ బాదీ నా చేతులు పోయాయి. ఒక్కరూ పలకలేదు."

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పరీక్ష మధ్యలో గడప దాటితే పరీక్ష ముగిసినట్లే; అది నిబంధన. లోపల ఉండి నీళ్ళు తోడితే సగం మార్కులైనా వస్తాయి. వెనుక పరుపు అంచు నీటిలోకి ఒరుగుతోంది. ఇంటావిడది వేషమే కావచ్చు, నీళ్ళు మాత్రం వేషం వెయ్యలేదు.

"నన్నిలా వదిలేసి ఎక్కడికే?"

"ముందు ఆ నీళ్ళు ఆపాలి పెద్దమ్మా!" అని ఆమె గడప దాటింది.

పక్కింటి తలుపును రెండు పిడికిళ్ళతో బాదింది. లోపల ఏదో మోటారు హోరు. చివరకు కాలితో తన్నింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ఎదురుగా రబ్బరు బూట్లతో, చేతిలో గడియారంతో పరీక్షాధికారి నిలబడి ఉన్నాడు. ఆయన వెనుక లావుపాటి గొట్టం ఒకటి గదిలోకి ధారగా నీళ్ళు పోస్తోంది. మూలన కుర్చీలో, కళ్ళకు తడి అద్దుకొని సిద్ధంగా కూర్చున్న వేషధారిణి ఆవులిస్తోంది.

"దయచేశారా!" అన్నాడాయన. "మీ కోసం గదిలో నీళ్ళు నిలబెట్టలేక చస్తున్నాం. ఎంత పోసినా ఎటు పోతున్నాయో, తగ్గిపోతూనే ఉన్నాయి. మీ సమయం అయిపోయింది. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనుక్కుంటే మొదటి మార్కు. కనీసం ఆ ఒక్కటైనా సంపాదించుకోలేకపోయారు!"

ఆమె గొట్టం వైపు చూసింది. గోడ వైపు చూసింది. గోడకు ఆవల వృద్ధురాలి ఏడుపు సన్నగా వినిపిస్తోంది.

"కనుక్కున్నానండి," అంది. "మీరే."