నీచు వాసన

రామతులసి పెసరపప్పు నమిలి పెదవుల మధ్యకు తెచ్చింది. పావురంపిల్ల ఆ పెదవుల్లోకి ముక్కు దూర్చి కుమ్మసాగింది.

అత్తగారు మహాలక్ష్మమ్మ మంచం మీంచి అదంతా చూస్తోంది.

ఏం రూపమది! కమిలిపోయిన తోలు, దాని మీద అక్కడక్కడా పసుప్పచ్చని పీచు. మొహాన్ని మించిన ముక్కు. మెడ కింద, తిన్నదంతా బయటికి కనిపిస్తూ ఉబ్బిన తిత్తి. తింటున్నంతసేపూ వెనకనుంచి రెట్ట.

“ఛీ ఛీ! బ్రాహ్మల ఇంట్లోనే పుట్టావటే నువ్వు? పిట్ట ఎంగిలి తింటావా?”

“నేను తినడం లేదండి. అదే నా ఎంగిలి తింటోంది.”

“మాటలకేం తక్కువ లేదు. తల్లి వదిలేసిన పిల్ల బతకదు. పారెయ్యి.”

కోడలు ఇంకాస్త పప్పు నోట్లో వేసుకుంది. అటక మీద గూట్లో ఇది ఒక్కటే పడి కీచుమంటుంటే నిచ్చెన వేసుకుని దింపింది. అప్పటినుంచీ దాన్ని ఒడిలోంచి దించడం లేదు.

మహాలక్ష్మమ్మే లేచి పారేసేది. కానీ పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి చచ్చిన తొండలా ఒళ్లో పడి ఉంది. ఆ చెయ్యి ఇక రాదని రాజమండ్రిలో దొర డాక్టరు తేల్చేశాడు. కాలవ పడవలో వెనక్కి తెచ్చారు. కోటిపల్లి వైద్యుడొకాయన మాత్రం, వస్తుందన్నాడు. కోడలిని వాకిట్లోకి పిలిచి తైలం కాచే పద్ధతి చెప్పి వెళ్లాడు.

జన్మలో ఒకరి చేతి వంట ఎరగని మనిషి. మడి కట్టుకుని తన గిన్నె తానే దించుకున్న మనిషి. ఇప్పుడు కోడలు ముద్ద కలిపి పెడితే నోరు తెరవాలి. పిట్ట రెట్ట తుడిచిన ఆ చేతులతోనే!

“చేతులు కడుక్కున్నావా?”

“కుంకుడు రసంతో కడుక్కున్నానండి.”

“మళ్లీ కడుక్కో.”

రామతులసి మళ్లీ కడుక్కుని వచ్చి, తైలం వెచ్చబెట్టి అత్తగారి చేతికి మర్దన చేసింది. అయినా అదే నీచు వాసన. పైటకీ అదే, పక్కబట్టలకీ అదే. “నీ పిట్ట కంపు నా ఒంటికి పట్టిందే!” అని మహాలక్ష్మమ్మ గోదావరి నీళ్లు తెప్పించి నెత్తిన పోయించుకునేది.

పక్కింటి పాపాయమ్మ చూడటానికి వచ్చింది.

“కోడలు చిక్కిపోయిందేమండీ వదినగారూ?”

“ఆ రోతలో అన్నం సయిస్తుందా మరి! విస్తరి ముందు కూచుని చేతులు చూసుకుంటుంది.”

“పోనిద్దురూ. కడుపు పండలేదు, పాపం. ఒళ్లో ఏదో ఒకటి ఉండాలిగా.”

“అయితే దూడను సాకమనండి, చిలకను సాకమనండి. దీన్నా?”

రామతులసి విననట్టే పిల్ల ముక్కుకంటిన పప్పు కొంగుతో తుడిచింది.

తైలం పనిచేసింది. ముందు బొటనవేలు కదిలింది. తర్వాత ఉద్ధరిణె పట్టు చిక్కింది. ఓ పొద్దున మణికట్టు లేచింది. మహాలక్ష్మమ్మకు నెల తర్వాత నవ్వొచ్చింది.

“చెయ్యి పూర్తిగా రానీ. మొట్టమొదట నీ పిట్టను గోడ అవతల పిల్లికి విసురుతా.”

మర్దన చేస్తున్న చేతులు ఆగాయి. అంతలోనే మరింత గట్టిగా రుద్దడం మొదలెట్టాయి.

పిల్లకు ఈకలు వచ్చాయి. నేల మీద గెంతింది. ఆ తర్వాత ఎగిరింది. ఎగిరి ఎక్కడ వాలాలి? దండెం మీద, మడిబట్ట మీద. వాలీవాలగానే రెట్ట వేసింది.

మహాలక్ష్మమ్మ ఒక్క ఉదుటున లేచి పట్టేసుకుంది. పట్టుకున్నాక గాని తెలియలేదు, అది కుడిచెయ్యని. వేళ్లు బిగుసుకున్నాయి. గుప్పిట్లో వెచ్చగా, మెత్తగా, ఏదో టపటపా కొట్టుకుంటోంది. రోతతో ఒళ్లు జలదరించినా వదల్లేదు.

“చూశావటే! వచ్చింది నా చెయ్యి!”

గోడ దగ్గరికి నడిచి చెయ్యెత్తింది. రామతులసి పరిగెత్తుకొచ్చి ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తోంది.

“వద్దండి. మీ కాళ్లకు దణ్ణం పెడతాను, వద్దండి.”

“వదలవే! ఎందుకే నీకింత ప్రేమ? దీన్ని నువ్వు కన్నావా?”

“దీన్ని కన్న తల్లినీ, తండ్రినీ మెడలు విరిచి మీ తైలంలో వేసి కాచింది నేనేనండి అత్తయ్యగారూ.”